డీలామినేషన్: అతుకు వీడిన పొర

లాటిన్‌లో ‘లామినా’ అంటే పలుచని రేకు. పొర మీద పొర అతికిస్తే లామినేషన్, ఆ అతుకు వీడితే డీలామినేషన్. అమెరికాలో పికప్ ట్రక్కు మీద ఎక్కించే పాత క్యాంపర్లను (ప్రయాణంలో ఉండటానికి వాడే చిన్న గదులను) కొనేవాళ్లు బాగా భయపడే మాట ఇది. కానీ ఇది ఫలితాన్నే చెబుతుంది, కారణాన్ని చెప్పదు. చాలా క్యాంపర్ల గోడలో బయట ఫైబర్‌గ్లాస్, దాని వెనుక పలుచని ప్లైవుడ్, లోపల ఫోమ్ జిగురుతో ఒకటై ఉంటాయి. కిటికీల చుట్టూ, మూల పట్టీల కింద, పైకప్పు అతుకుల్లో సీలెంట్ ఎండి పగిలితే వాన నీరు లోపలికి ఇంకుతుంది. చెక్క నాని, జిగురు పట్టు వదిలి, ఫైబర్‌గ్లాస్ పొక్కులా లేస్తుంది. నీళ్లు తగిలిన తలుపును చూసి మనవాళ్లు ‘ప్లైవుడ్ ఉబ్బింది’ అంటారు. ఆ మాటలో నీటి జాడైనా ఉంది.

నీరు లేకుండానే, ఎండ వేడికో తయారీలో జిగురు సరిగా పట్టకో పొరలు విడిపోవచ్చు కదా అంటే, నిజమే. అయితే అమ్మేవారు చెప్పారని దాన్ని ఒప్పుకోకూడదు. తేమ మీటరు పెట్టి చూడాలి. ట్రక్కు డ్రైవర్ క్యాబిన్ మీదికి వచ్చే పడక భాగం మూలలను లోపలి నుంచి వేలితో నొక్కాలి. మెత్తగా దిగితే నీరు చేరిందనే అనుమానించాలి. గోడ నున్నగా ఉందన్నదీ భరోసా కాదు. చెక్క చట్రానికి అల్యూమినియం రేకు తొడిగిన క్యాంపర్లలో పొక్కు కనిపించకుండానే చట్రం కుళ్లిపోవచ్చు. పొక్కులోకి జిగురు ఎక్కించి అణచేముందు నీటి దారి మూసి, చెక్కను పూర్తిగా ఆరనివ్వాలి.