దోమతో పోరు

యుద్ధమనగానే మనకు శస్త్రాస్త్రాలే స్ఫురిస్తాయి. బర్మా రంగంలో బ్రిటిష్ ఇండియా సేనలను నడిపిన విలియం స్లిమ్ స్మృతిగ్రంథం చదివాక నా ఊహ మారింది. 1943లో గాయపడి వెనక్కు వచ్చిన ఒక్కొక్క సైనికునికి, రోగంతో వచ్చినవారు 120 మంది! వ్యాధులలో మొదటిది మలేరియా.

కారణం తెలియక కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897లో, మన సికిందరాబాదులోనే. అతడూ సైనిక వైద్యుడే. మందు కూడా ఉంది, మెపాక్రిన్ మాత్ర. కానీ అది ఒంటిని పచ్చబరుస్తుంది. పైగా పుంసత్వం పోతుందని వదంతి. అందుచేత సిపాయిలు మింగకుండా తప్పించుకొనేవారు.

స్లిమ్ ఆ బాధ్యతను అధికారులపై మోపాడు. హఠాత్తుగా దళమంతటినీ పరీక్షింపజేసి, నూటికి 95 మందికన్నా తక్కువమందిలో మందు జాడ కనబడితే దళనాయకుణ్ణే తొలగించేవాడు. ముగ్గురు పోయేసరికి తక్కినవారికి తెలిసివచ్చింది. సందెవేళకు నిక్కరు విడిచి పంట్లాం తొడగాలి, చొక్కాచేతులు దించాలి, లేకుంటే శిక్ష. జబ్బుపడినవారిని దూరం పంపక, యుద్ధరంగం చేరువనే చికిత్సా శిబిరాలు నెలకొల్పారు. 1945 నాటికి జబ్బుపడేవారు రోజుకు వెయ్యికి ఒక్కరయ్యారు.

దోమలవల్ల కలిగే అనర్థాలపై పిల్లలచేత ఏటేటా వ్యాసం రాయించిన నేను, దోమతెర కట్టుకోక ఒక శ్రావణమాసమంతా చలిజ్వరంతో వణికాను. వ్యాసాలు దిద్దిన పంతులును తనిఖీ చేసేవారెవరు?