ఎన్ని సెంట్లు కాదు, ఎక్కడ?

మన పల్లెల్లో ఎస్సీ కాలనీకి దారి ఎవర్నీ అడగనక్కర్లేదు. ఊరు దాటాక అదే వస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కలా అంతే. 1565 తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు మకాం మార్చారు, 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి పోయాయి. వాడ మాత్రం ఉన్నచోటే ఉంది. దళితులకు ఇంటి జాగా ఇప్పించడం సర్కారు పనేనన్న మాట, మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్‌కు ఆ బాధ్యత అప్పగించాక గానీ దస్త్రాలకెక్కలేదు.

స్వతంత్రం వచ్చాక 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం ఇంకో అడుగు వేసింది. అంటరానితనం పేరుతో ఎవరినీ ఏ వీధిలోనూ ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, కాపురముండకుండా అడ్డుకోరాదంది. అమెరికాలో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది 1968లో. పదమూడేళ్లు ముందున్నామని మురిసిపోవచ్చు. కానీ టు లెట్ బోర్డు చూసి తలుపు తడితే ఇంటాయన మొదట అడిగేది బాడుగ గురించి కాదు, "మీరేమోళ్లప్పా?" అనే.

1985లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ హిందూపురం ఎమ్మెల్యే కూడా. బలహీన వర్గాలకు పక్కా ఇళ్లన్నది ఆయన సర్కారు గట్టిగా పట్టుకున్న పథకం. అయినా ఆ ఏడాదే జూలై 17న కారంచేడులో మాదిగల్ని నరికి చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకుని, ఇక ఆ ఊరికి తిరిగి వెళ్లం అన్నారు. చివరికి వాళ్లకు చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. ఇళ్ల పోరాటాల్లో అసలు మలుపు అదేనంటాను. ఎక్కడ బతకాలో బాధితులే తేల్చుకున్నారు.

మన ఉమ్మడి అనంతపురం జిల్లా దారి వేరు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ), దళిత, గిరిజన కుటుంబాలకు వేల ఇళ్లు కట్టించి ఆడవాళ్ల పేర రాయించింది. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడితే, జనమే రోడ్డెక్కారు.

ధర్మవరంలో సమస్య ఇంటి లోపల ఉంది. చేనేత మనిషికి ఇల్లంటే మగ్గం గుంట. బాడుగింట్లో గుంట తవ్వుతామంటే యజమాని ఒప్పుకోడు. ఒప్పుకున్నా వానకాలంలో ఊట నీళ్లు చేరితే మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది. 2020 డిసెంబర్ 25న మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పట్నంలో ఇచ్చింది ఒక సెంటు, అంటే 48 గజాలు. మగ్గం దించితే మంచానికి చోటుండదు. పల్లెల్లో సెంటున్నర. ఇప్పటి కూటమి సర్కారు పట్నంలో రెండు, పల్లెలో మూడు సెంట్లిస్తామంది. వేలంపాట మాదిరి సెంట్లు పెరుగుతున్నాయి గానీ, ఆ జాగా ఊరికెంత దూరమన్నది ఏ పార్టీ హామీల్లోనూ పెద్దక్షరాల్లో కనబడదు.

అందుకే ఈసారి గ్రామసభకు పోయేవాళ్లు ఉత్త చేతుల్తో పోవద్దు. సర్వే నంబరు, ఊరి నుంచి దూరం, దారి, నీళ్లు అర్జీలో రాయించండి. ఎస్సీలకు మళ్లీ ఊరవతల విడిగా లేఅవుట్ వేస్తామంటే, అభ్యంతరాన్ని అక్కడికక్కడే తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. అక్కడ పని జరక్కపోతే సోమవారం అర్జీలు తీసుకునే పుట్టపర్తి కలెక్టరేట్‌కు వెళ్లండి, రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.