కోటిపల్లి రైలు

సెలవులనగానే మన సభ్యులు ఊటీ, కొడైకెనాల్ అంటారు. ఒకసారి గౌతమి ఒడ్డునున్న కోటిపల్లి వెళ్ళి రండి. రైలు లేకుంటే బస్సైనా సరే.

1928లో కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా అక్కడికి రైలు వేశారు. 1940లో యుద్ధం కోసమని పట్టాలు పీకి పట్టుకుపోయారు. చిన్నప్పుడు ఆ రైలెక్కిన మా నాన్నగారు "మళ్ళీ వేస్తార్లేరా" అనేవారు. 2004లో వేశారు. అప్పటికాయన లేరు.

నేనూ మా ఆవిడా ఆ రైల్లోనే వెళ్ళాం. సోమేశ్వరుణ్ణి దర్శించుకుని రేవుకొచ్చేసరికి ముక్తేశ్వరం పడవ కాస్తా వెళ్ళిపోయింది. టీకొట్టావిడ బల్ల తుడిచి కూర్చోబెట్టింది. నాన్నగారి సంగతి చెప్పాను.

"మా మావగారూ అంతేనండీ, రైలు రైలంటూనే పోయారు" అంది. టీ డబ్బులు ఎంత చెప్పినా పుచ్చుకోలేదు.