భార్యకే మందు ఇస్తే తీరని జబ్బు

1836లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డొన్నే అనే వైద్యుడు ఒక స్త్రీ స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, సన్నటి పోగులు ఆడిస్తూ కదిలే ఏకకణ జీవి కనిపించింది. అదే ట్రైకోమోనాస్. సంభోగం ద్వారా అంటుకునే పరాన్నజీవి ఇది. దాన్ని చూసిన తరువాత కూడా దశాబ్దాల పాటు నిరపాయమైనదనే అనుకున్నారు. తెల్లబట్టకు, దురదకు, మంటకు అదే కారణమని 1916లో జర్మన్ వైద్యుడు హోనే చెప్పాక గాని ఆ అభిప్రాయం మారలేదు.

జబ్బు గురించి ఆ అభిప్రాయం మారేలోపే మన కోలారు బంగారు గనులు లేచి నిలిచాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దగ్గర్లోని బేతమంగళలో పాలారు నది నీళ్లు నిలిపి, శుద్ధి చేసి, గొట్టాల్లో గనులకు పంపారు. కుళాయి నీటితో ఎన్నో రోగాలు తగ్గుతాయి. ఈ జబ్బు మాత్రం నీటితో వచ్చేదీ కాదు, నీటితో పోయేదీ కాదు. "ఒంట్లో వేడి చేసింది, ఆడోళ్లకి మామూలే" అని పెద్దవాళ్లు సర్దిచెప్పే మాటే దీనికి పెద్ద అండ.

మెట్రోనిడజోల్ మాత్ర 1960 నాటికి వచ్చింది. మందు దొరికినా జబ్బు పోలేదు. 2020లో 15-49 ఏళ్లవారిలో కొత్తగా 15.6 కోట్ల మందికి సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన పల్లెల్లో ఆడవాళ్లు ఎంత మౌనంగా భరిస్తారో 1989లో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్ బృందం చూపించింది. రెండు ఊళ్లలో 650 మందిని పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీరోగం ఉంది. అంతకుముందు డాక్టరు పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే.

గర్భిణిలో ఈ జబ్బుకు, ఉమ్మనీరు ముందే పోవడానికి, నెలలు నిండకుండా కాన్పు కావడానికి, తక్కువ బరువు బిడ్డకు సంబంధం కనబడింది. అయినా లక్షణాలు లేని గర్భిణులకు మాత్రలిస్తే నెలలు నిండని కాన్పులు తగ్గుతాయేమోనని అమెరికాలో పరీక్షించి చూస్తే, 2001లో తేలిన ఫలితం తలకిందులైంది. మాత్ర వేసుకున్నవారిలో 19 శాతం మందికి, వేసుకోనివారిలో 10.7 శాతం మందికి నెలలు నిండకుండానే కాన్పయింది. కాబట్టి మందుల షాపులో అడిగి మింగే మాత్ర కాదిది. బాధ ఉన్న గర్భిణి డాక్టరుకు చూపించుకుని వాడాలి.

పరీక్షలోనూ చిక్కు ఉంది. స్రావాన్ని ఉప్పునీటి చుక్కలో కలిపి అప్పటికప్పుడే చూడాలి. బేతమంగళలో తీసిన నమూనాను కోలారుకు పంపేలోపు జీవి కదలిక ఆగిపోతుంది, స్లైడు మీద ఉన్నది తెల్లకణమో ఈ జీవో తెలియదు.

ఎవరికి ముప్పు ఎక్కువ? తనకో, భర్తకో వేరే సంబంధాలు ఉన్నవారికి, మరో సుఖవ్యాధి ఉన్నవారికి, యోని లోపల కడుక్కునే అలవాటు ఉన్నవారికి. అన్నిటికంటే ముఖ్యం, వైద్యం చేయించుకోని భర్త. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. జబ్బు నెలలు, ఏళ్లు దాగి ఉండగలదు గనుక, పరీక్ష ఫలితం చూసి ఆమె శీలాన్ని తూచడం ఘోరమైన అన్యాయం.

నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఒకటే. గర్భిణులకిచ్చే తాయి కార్డు పట్టుకుని ఆమె ఒక్కతే ఆసుపత్రికి వస్తుంది, మాత్ర ఆమె ఒక్కతే మింగుతుంది, ఇంటికెళ్లాక మళ్లీ అంటుకుంటుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. అన్నా, ఆ రోజు ఒక పూట కూలి పోయినా సరే, మీరూ వెంట వెళ్లండి. డాక్టరు ఇద్దరికీ మందు రాస్తే ఇద్దరూ వాడండి, అది పూర్తయ్యేదాకా దూరంగా ఉండండి.