కామెర్ల వ్యాధి: దాని పూర్వచరిత్రము



కామెర్లవానికి లోకమంతయు పచ్చగా తోచునని మనవారు సామెత చెప్పుదురు. నిజమునకు రోగి కన్నులు పచ్చనగుటయే కాని లోకము పచ్చన కాదు. అయినను ఈ వ్యాధి విషయమున వైద్యలోకమే చిరకాలము సరిగా చూడలేకపోయినది. ఆ చూపు ఎట్లు సరిపడినదో, ఆ కథ మన తాడ్వాయి ప్రాంతపు గ్రామములకు ఏమి బోధించుచున్నదో నేడు మనవి చేసెదను.

ఈ రోగము మనకు క్రొత్తది కాదు. రోగి శరీరమందలి పచ్చదనము చిలుకలను చేరుగాక యని కోరు మంత్రము అథర్వవేదమున కలదు. చరకసంహితయందు చికిత్సాస్థానమున పాండురోగాధ్యాయములో కామల వర్ణింపబడినది. మలము నువ్వులపిండివలె తెల్లనగు కామలను చరకుడు వేరుగా గుర్తించి, అందు పిత్తమార్గము మూసికొనిపోయినదని చెప్పెను. పిత్తము ప్రేగులలోనికి దిగనిచో మలమునకు రంగు రాదని నేటి వైద్యులును చెప్పుచున్నారు. యంత్రములు లేని కాలమున కంటితో చూచి ఇంత గ్రహించుట సామాన్యము కాదు.

పచ్చదనమునకు మూలమేమి? నెత్తుటిలోని యెఱ్ఱకణములు ముదిసి నశించినప్పుడు వానినుండి బిలిరూబిను అను పసుపువన్నె పదార్థము పుట్టును. కాలేయము దానిని మార్చి పిత్తముతో బయటికి పంపును. కాలేయము చెడినను, పిత్తమార్గము మూసికొన్నను, ఎఱ్ఱకణములు మితిమీరి నశించినను ఆ పదార్థము నెత్తుటిలో నిలిచి కన్నులయందును చర్మమునందును తేలును. కావున కామెర్లు ఒక లక్షణమే కాని ఒకే రోగము కాదు. పిత్తాశయపు రాళ్లు, మద్యపానము, మలేరియా మున్నగునవి కూడ దీనికి కారణములు. అయినను మన దేశమున ఆసుపత్రులకు వచ్చు కామెర్ల రోగులలో వైరసు అను అతిసూక్ష్మజీవివలన కాలేయము వాచినవారు మిక్కిలి యెక్కువ.

ఈ సంగతి తెలియుటకు చాల కాలము పట్టెను. 1865వ సంవత్సరమున విర్కో అను జర్మను పండితుడు పిత్తనాళమున శ్లేష్మము అడ్డుపడుటయే సామాన్యమైన కామెర్లకు కారణమనెను. 1883లో జర్మనీ దేశమున బ్రెమెన్ పట్టణపు ఓడల కర్మశాలలో 1,289 మంది పనివారికి మశూచి టీకాలు వేసిరి. ఆ టీకామందు మనుష్యుల దేహమునుండి తీసిన రసముతో చేయబడినది. కొన్ని వారములకు, నెలలకు వారిలో 191 మందికి కామెర్లు వచ్చినవి. ఇతర మందు వేయించుకొన్నవారికి రాలేదు. 1885లో లూర్మన్ అను వైద్యుడు దీనిని ప్రకటించెను. ఒక మనుష్యుని రసము వేఱొకనికి ఎక్కించినపుడు దానితో రోగము కూడ పోవునని అప్పుడు సూచనగా తెలిసినది.

ఆ పాఠమును లోకము మరచిపోయెను. 1942లో అమెరికా సైన్యమున పీతజ్వరపు టీకా వలన దాదాపు 50,000 మంది సైనికులు కామెర్లతో ఆసుపత్రుల పాలైరి. ఆ టీకామందును నిలువజేయుటకు మనుష్యరక్తపు రసికను కలిపియుండిరి. 1947లో మెకల్లమ్ అను ఆంగ్లేయ వైద్యుడు ఈ వ్యాధిని రెండుగా విభజించి, మలదూషితమైన ఆహారపానీయములవలన వచ్చుదానికి 'ఏ' అనియు, రక్తమువలన వచ్చుదానికి 'బి' అనియు పేరులు పెట్టెను.

పేరులు కలిగినను ఆ వైరసులను ఎవ్వరును చూడలేదు. బ్లుంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వివిధజాతుల నెత్తురును పోల్చి చూచుచు, ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని నెత్తుట ఒక వింత పదార్థమును కనుగొని 1965లో ప్రకటించెను. అది 'బి' వైరసు పైతొడుగని పిమ్మట తేలినది. దాత నెత్తురును ముందుగా పరీక్షించుటయు, టీకా చేయుటయు దానివలననే సాధ్యమయ్యెను. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1973లో 'ఏ' వైరసు కనబడినది. 1989లో 'సి' వైరసు కనుగొనబడెను. ఆ పరిశోధనమునకు ముగ్గురు శాస్త్రజ్ఞులు 2020లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

ఇక మన దేశపు కథ. 1955 డిసెంబరులోను 1956 జనవరిలోను ఢిల్లీ నగరమున సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. యమునానది వరదల పిమ్మట మురుగుకాలువ నీరు మంచినీటి కేంద్రమును చేరెను. అధికారులు నీటిలో క్లోరినును పెంచిరి. టైఫాయిడు పెరుగలేదు గాని కామెర్లు ఆగలేదు. అది 'ఏ' వైరసే యని అందరును నమ్మిరి. 1978లో కాశ్మీరమునను ఇట్టి ఉపద్రవమే కలుగగా, ఖురూ అను వైద్యుడు ఇది 'ఏ' కాదు, 'బి'యు కాదు, వేఱొకటి యని వాదించెను. ఢిల్లీ రోగుల నెత్తురును దాచియుంచిరి కావున దానిని మరల పరీక్షింపగా ఆ మాటయే నిజమని తేలినది. 1983లో బలయాన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు రోగుల మలమునుండి తీసిన సారమును తానే త్రాగి, కామెర్లు తెచ్చుకొని, తన మలమునందే ఆ వైరసును చూచెను. దానికే 'ఈ' యని పేరు వచ్చినది.

మన హైదరాబాదునకు కూడ ఈ 'ఈ' వైరసు వచ్చినది. 2005వ సంవత్సరపు వేసవి మొదలుకొని పాతబస్తీలో 1,600 మందికి పైగా దీని బారిన పడిరి. మంచినీటి గొట్టములు తెరచియున్న మురుగుకాలువలను దాటిపోవు వాడలలో రోగము హెచ్చుగా కనబడెను. గొట్టమున బీట పడి, నీటి ఒత్తిడి తగ్గినప్పుడు మురుగు లోనికి పీల్చుకొనబడును. మన ఊళ్లలోను నల్లాలు కలవు. ప్రక్కనే కాలువలును కలవు. ఈ సంగతి పెద్దలు తలపోయవలెను.

ఈ 'ఈ' వైరసు సామాన్యులను కొన్ని వారములలో విడిచిపోవును. గర్భిణులను, అందును నెలలు నిండుచున్నవారిని, అట్లు విడువదు. వారిలో నూటికి ఇరువది, ఇరువదియైదుగురు మరణించుట కలదు. ఇచట నా తప్పునొకదానిని చెప్పుకొనక తప్పదు.

సుమారు పదునైదేండ్ల క్రిందట నా బాల్యమిత్రుడొకడు వచ్చి, తన కోడలికి కన్నులు పచ్చబడినవనియు, ఆమెకు ఎనిమిదవ నెల యనియు చెప్పి నా సలహా అడిగెను. పంతులును, సంస్కృతము చదివినవాడనని నామీద వానికి గురి. కామలకు మన శాస్త్రమున మందుండగా ఆసుపత్రి యేల యని చెప్పి, పసరు పోయువాని యొద్దకు పంపితిని. చప్పిడిపత్యము పెట్టిరి. ఆరవనాటికి ఆమెకు మగత కమ్మెను, మాట తడబడెను. ఆసుపత్రికి చేర్చునప్పటికే కాలము మించిపోయినది. తల్లియు దక్కలేదు, బిడ్డయు దక్కలేదు. మిత్రుడు నన్ను ఒక్క మాటయు అనలేదు.

పిమ్మట చరకసంహితను తీసి చూచితిని. ఏ కామలలో మగతయు మోహమును కలిగి తెలివి తప్పునో ఆ రోగి త్వరలో నశించునని ఆ అధ్యాయమందే వ్రాయబడియున్నది. గ్రంథము నా ఇంటనే యుండెను. శాస్త్రము చెప్పలేదని యనుటకు వీలులేదు. శాస్త్రము పేరు చెప్పి నేనే దానిని చదువకుంటిని.

అయినచో పసరువలన ఎందఱికో నయమగుచున్నది కదా యని మీరడుగవచ్చును. 'ఏ', 'ఈ' వైరసుల కామెర్లు చాలమందికి వాటంతట అవియే తగ్గును. తగ్గువేళ చేతనున్న వైద్యమునకు కీర్తి దక్కును. మామిడిబెరడు రసము పూసిన చేతులను సున్నపునీట కడిగిన నీరు పచ్చనగును. దానిని రోగము దిగినదని చూపుదురు. రోగము లేనివాని చేతులు కడిగినను ఆ నీరు పచ్చనే యగును. కంటిలో పసరు పోసిన కన్ను చెడును. వాతలు పెట్టిన పుండ్లు మిగులును.

నేల ఉసిరిని మాత్రము పండితులు నిష్పక్షపాతముగా పరీక్షించిరి. బ్లుంబర్గ్ మహాశయుడును మదరాసు శాస్త్రజ్ఞులును కలిసి, అది 'బి' వైరసును తొలగించుచున్నదని 1988లో ఆశ కలిగించిరి. ఇతరచోట్ల మరల చేసిన పరీక్షలలో ఆ ఫలము నిలువలేదు. మన మూలికను వారు తిరస్కరింపలేదు, గ్రుడ్డిగా నమ్మనులేదు. పరీక్ష యనగా అదియే.

నమ్మదగిన సాధనములు నేడు మన చెంతనే కలవు. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ వరప్రసాదరెడ్డిగారి పూనికతో 1997లో 'బి' టీకాను మన దేశముననే చేసి, బీదలకును అందు వెలకు తెచ్చెను. పుట్టిన యిరువదినాలుగు గంటలలో శిశువునకు ఈ టీకా వేయించినచో తల్లినుండి బిడ్డకు రోగము పోవుట చాలవరకు ఆగును. 'సి' వైరసునకు టీకా లేదు గాని, పండ్రెండు వారములు మాత్రలు మ్రింగిన నూటికి తొంబదియైదుగురికి పైగా నయమగును. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున ఈ పరీక్షలును మందులును ఉచితముగా ఇయ్యబడుచున్నవి.

పెద్దలారా! ఊరిలో మీ మాటకు విలువ కలదు. నా మాటకును ఒకనాడు కలిగియుండెను. కావున మనవి చేయుచున్నాను. వానకాలమున నీరు కాచి త్రాగుడనుడు. నల్లా గొట్టము మురుగున మునిగియున్నచో పంచాయతీని అడుగుడు. సూదిమందు వేయువాడు క్రొత్త సూదిని మీ యెదుటనే విప్పవలెననుడు. కామెర్లవానితో కూర్చుండి భుజించినంతమాత్రమున 'బి' రోగము రాదు, వానిని వెలివేయకుడు. గర్భిణి కన్నులు పచ్చబడినచో, ఏ రోగికైనను మగత కమ్మినచో, వాంతులు ఆగకున్నచో, తెల్లవారువరకు ఆగవలదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పంపుడు.

సెలవు.