మొలతాడు ముడులు, తులసి పూసలు

మా అమ్మమ్మ పోయాక ఆవిడ తులసి తావళం నాకు దక్కింది. కొన్నప్పుడు పూసలు గరుకుగా, పచ్చి కట్టె రంగులో ఉండేవట. ఏళ్ల తరబడి వేళ్ల జిడ్డు తగిలి ఇప్పుడు చింతగింజల్లా నిగనిగలాడుతున్నాయి. శ్రీకూర్మం గుడికి వెళ్లినప్పుడల్లా వెంట తీసుకెళతాను. అక్కడి ప్రదక్షిణ మండపంలో 108 స్తంభాలున్నాయనీ, ఏ రెండూ ఒకలా ఉండవనీ చెబుతారు. తావళంలో పూసలూ 108.

అసలు దేవుడి పేరు తలుచుకోవడానికి పూసలెందుకు? వేళ్ల కణుపులున్నాయి కదా. వాటిమీద జపం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ పదులు, వందలు దాటేసరికి ధ్యాస లెక్క మీదికి పోతుంది, పేరు జారిపోతుంది. ఆ లెక్క బరువుని మనసు మీంచి దింపి చేతికి అప్పజెప్పడం కోసమే జపమాల పుట్టిందని నా నమ్మకం.

మొదట్లో బహుశా గింజలే గుచ్చుకునేవారు. చైనా భాషలో నిలిచిన ఒక పాత బౌద్ధ సూత్రంలో, కష్టాల్లో ఉన్న రాజుకి బుద్ధుడు కుంకుడు జాతి గింజలు 108 గుచ్చి వెంట ఉంచుకోమని చెబుతాడు. శ్రీకూర్మం ఉన్న గార మండలంలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి కాబట్టి ఆ మాట నాకు దూరపు కబురులా అనిపించదు. రుద్రాక్ష, తామర గింజ, చందనం, తులసి ఎవరి సంప్రదాయంలో వాళ్లకి వచ్చాయి. ముస్లింల తస్బీలో సాధారణంగా 99 పూసలు. మన కతోలికులు తమ మాలని జపమాల అనే పిలుస్తారు.

శ్రీకూర్మంలో నన్ను పట్టి నిలిపేది మాత్రం పూసలు కాదు, ముడులు. 1510లో పూరీ నుంచి దక్షిణయాత్రకి బయల్దేరిన బెంగాల్ వైష్ణవ సన్యాసి చైతన్యుడు ఈ క్షేత్రానికి వచ్చాడు. కృష్ణదాస కవిరాజు రాసిన చైతన్య చరితామృతం ప్రకారం ఇక్కడ కూర్ముడనే బ్రాహ్మణుడు ఆయనకి ఆతిథ్యమిచ్చాడు. తానూ వెంట వస్తానన్నాడు. చైతన్యుడు వద్దని, ఇంట్లోనే ఉండి ఎదురైనవాళ్లకల్లా కృష్ణుడి మాట చెప్పమన్నాడు. ఆ చైతన్యుడు నామాలు ఎలా లెక్కపెట్టేవాడో ఆయన శిష్యుడు రూపగోస్వామి తన అష్టకంలో చెప్పాడు: మొలతాడుకి వరసగా ముడులు వేసుకుని! సన్యాసి దగ్గర ఏముంటుంది? ఒంటిమీదున్న తాడే తావళం అయింది.

ఆ ముడి తులసి మాలలో ఇప్పటికీ ఉంది. పూసకీ పూసకీ నడుమ వేసే ముడి వల్ల అవి ఒకదాన్నొకటి ఒరుసుకోవు, దారం తెగినా అన్నీ రాలిపోవు. పచ్చని తులసిని పూసల కోసం నరకరు. మొక్క తనంతట తాను ఎండిపోయాక ఆ కాండాన్నే ముక్కలు చేసి, తొలిచి, నునుపు చేస్తారు. సన్నపాటి కాండం కాబట్టి ఒక్కో మొక్కకి పూసలు కొద్దిగానే వస్తాయి. నడిమివేలి మీద పూసని ఆనించి బొటనవేలితో జరుపుతారు, చూపుడువేలు తగలనివ్వరు. మాల తిరిగి పెద్దదైన మేరుపూస దగ్గరికి వచ్చాక దాన్ని దాటరు, మాలని వెనక్కి తిప్పుతారు. అమ్మమ్మ ఆ తిప్పడం చూడాలి! కళ్లు మూసుకునే ఉండేది, వేలికి పెద్దపూస తగలగానే మాల చేతిలో ఇట్టే మళ్లేది.

1930లో చైతన్యుడి సంప్రదాయానికి చెందిన గురువు భక్తిసిద్ధాంత సరస్వతి శ్రీకూర్మంలో చైతన్యుడి పాదముద్రలు ప్రతిష్ఠించారు. శిష్యులు రోజూ 64 మాలలు జపించాలన్నది ఆయన నియమం. హరేకృష్ణ మంత్రంలో 16 పదాలు కాబట్టి 64 మాలలంటే లక్షా పదివేలకి పైగా నామాలు. ఆయన శిష్యుడు, ఇస్కాన్ స్థాపకుడు ప్రభుపాద 1966లో న్యూయార్క్ కుర్రాళ్లకి దాన్ని 16 మాలలకి తగ్గించారు. అక్కడ తులసి పూసలెక్కడివి? వాళ్లు దుకాణంలో మామూలు చెక్కపూసలు కొనుక్కొచ్చారు. ముడులు వేసి గుచ్చడం ఆయనే దగ్గరుండి నేర్పించారు.

ఆ 16 మాలల జపం ఇప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలోనే, హిరమండలం దగ్గర ఇస్కాన్ భక్తులుండే కూర్మగ్రామంలో వినిపిస్తుంది. అక్కడ కరెంటు పెట్టుకోలేదు. తెల్లవారుజామున ఆ చీకట్లో మాల తిప్పడానికి దీపం అక్కర్లేదు.