హద్దు దాటిన తరంగం

1912 ఏప్రిల్ 15న టైటానిక్ మునిగిపోయింది. ఆ తరువాత కొన్ని గంటలపాటు అమెరికా పత్రికలకు నిజానిజాలు తెలియలేదు. ప్రయాణికులందరూ క్షేమమనీ, ఓడను హాలిఫాక్సు రేవుకు లాక్కొస్తున్నారనీ కూడా అచ్చు వేశారు. ఆకాశంలో కలగాపులగమైన సంకేతాలకు నింద ఎక్కువగా ఔత్సాహిక రేడియోవారి మీద పడింది.

ఆ ఆగస్టులోనే అమెరికా రేడియో చట్టం తెచ్చింది. అనుమతి లేనిదే ప్రసారం కూడదన్నది. ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకంటె పొట్టి తరంగాలకు పరిమితం చేసింది. పొట్టి తరంగాలు దూరం పోవని నాటివారి నమ్మకం. అంటే పంపకాలలో వారి వాటాకు చవిటి నేల వచ్చిందన్నమాట. ఆ నేలలోనే వారు బంగారం పండించారు. 1923 నవంబరులో సుమారు 100 మీటర్ల తరంగాలపై ఫ్రాన్సులోని లియాన్ దెలువా, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ అట్లాంటిక్‌కు ఇరువైపుల నుండి మాట్లాడుకున్నారు. ఆ ప్రయోగానికి కూడా ష్నెల్ ముందుగా ప్రత్యేకానుమతి తీసుకున్నాడు. హామ్ చరిత్రలో అంత పెద్ద విజయం హద్దును ధిక్కరించి వచ్చినది కాదు.

ఒకప్పుడు ఈ హద్దును కాపాడే పని కొంత యంత్రమే చేసేది. పాత చేతి రేడియోలలో ఒక్కొక్క ఛానెలుకు ఒక్కొక్క స్ఫటికం బిగించవలసి వచ్చేది. స్ఫటికం లేని చోట నోరు పెగలదు. సింథసైజరు వచ్చాక ఏ పౌనఃపున్యమైనా మీటల మీద నొక్కితే చాలు. తయారీదారులు లోపల ఒక డయోడుతోనో, సాఫ్టువేరుతోనో అడ్డుగోడ కట్టారు. డయోడు తీసేసి గోడ కూల్చే విద్య త్వరలోనే అందరికీ తెలిసిపోయింది. 2012 తరువాత వెల్లువెత్తిన చవక రేడియోలలో చాలావాటికి ఆ గోడే లేదు. 136 నుండి 174 మెగాహెర్ట్జ్‌ల దాకా, 400 నుండి 480 దాకా తలుపులు బార్లా తెరిచి ఉంటాయి.

ఆ తలుపుల వెనుక ఎవరున్నారు? 156.8 వద్ద ఆపదలో ఉన్న ఓడలు. విశాఖ తీరంలోనైనా, మరే తీరంలోనైనా అదే పిలుపు ఛానెలు. 406 వద్ద ఉపగ్రహాలు ఆలకించే ప్రమాద సూచికలు. మధ్యలో ఎక్కడికక్కడ పోలీసులు, అగ్నిమాపక దళాలు.

2021 జూలైలో ఐడహో రాష్ట్రంలో అడవి తగలబడుతుండగా, లైసెన్సున్న ఒక హామ్ అగ్నిమాపక దళం వాడుతున్న పౌనఃపున్యంలో మాట్లాడాడు. కీడు తలపెట్టి కాదు, సమాచారం అందించాలనే. అయితే అతడెవరో తేల్చడానికి మంటల వద్ద పని నడిపిస్తున్న అధికారే ఆ పని విడిచి వెళ్ళవలసి వచ్చింది. 2022లో అమెరికా సమాచార సంఘం 34,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది.

మంచి ఉద్దేశం ఎందుకు చాలదో చెప్పడానికి ఎఫ్.ఎం. స్వభావమే చాలు. ఒకే పౌనఃపున్యంలో ఇద్దరు మాట్లాడితే, వినేవానికి బలమైన సంకేతమే వినబడుతుంది, బలహీనమైనది అణగిపోతుంది. పైగా మీట నొక్కినంతసేపూ మన రేడియో చెవిటిది. ఎవరి మాటను కప్పేశామో మనకు తెలియదు. నొక్కడానికి ముందు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఛానెలు ఖాళీ అని కాదు; కొండ అవతలివాని గొంతు మన యాంటెన్నాకు అందకపోవచ్చు.

యంత్రానికీ చేటే. వడపోతలు, యాంటెన్నా ఒక పరిధికి కుదిర్చినవి. దాని బయట యాంటెన్నా పొసగక శక్తి వెనక్కు మరలి చివరి ట్రాన్సిస్టరును వేడెక్కిస్తుంది. వడపోత చాలక రెండు, మూడు రెట్ల పౌనఃపున్యాలలో కూడా మన గొంతు చిందుతుంది.

ప్రాణాపాయంలో చిక్కుకున్నవాడు అందుబాటులో ఉన్న ఏ సాధనంతోనైనా కేక వేయవచ్చునని అంతర్జాతీయ నిబంధనలే ఒప్పుకుంటాయి. ఆ మినహాయింపు ఆపన్నునిది, కుతూహలపరునిది కాదు.

హద్దులు దేశాన్ని బట్టి మారుతాయి కూడా. అమెరికాలో హామ్‌లకు 144 నుండి 148 దాకా ఉన్నది. మనకు 146తో సరి. అక్కడ 147లో నిక్షేపంగా మాట్లాడిన మన తెలుగువాడు అదే రేడియోను ఇక్కడ అదే అంకె మీద నొక్కితే పరుల పొలంలో అడుగు పెట్టినట్టే. రేడియో తెర మీద ఆ తేడా కనబడదు. స్ఫటికం చేసిన కాపలా ఇప్పుడు మన బొటనవేలు చేయాలి.